అరువిచ్చిన గొంతు

పలుకు తల్లివి నీవమ్మ పరుల నోట
నాదు నోట నొక్కటె రీతి నడచు దాన
మత్సరపు చేదు నా నాల్క మాన్పి నేడు
కథను నడిపింపు చల్లని కరుణ తోడ

అమ్మా, వాగ్దేవీ! ఇది గొంతుల కథ కనుక మొదటి నమస్కారం నీకు. లోపలి శత్రువులు ఆరుగురని, ఆ వరుసలో మాత్సర్యం కడపటిదని పెద్దలు చెప్పారు. కడపట నిలబడింది కదా అని నేనూ చాలాకాలం దానిని లెక్కచేయలేదు. తలుపు ఓరగా తెరిస్తే చాలు, అయిదుగురినీ నెట్టుకుని ముందుగా లోపలికి వచ్చేది అదేనని, యుద్ధకాలంలో ఎన్నికలు జరిగిన ఆ వేసవిలో తెలుసుకున్నాను. అది మా ఇంటికి వచ్చి, పీట వేయమని అడగకుండానే కూర్చుంది.

మా ఆయన మార్కెట్ యార్డులో వేలంపాట పాడేవారు. ఉల్లిపాయల బస్తాలు, బంగాళాదుంపల రాశులు, గుమ్మడికాయల బళ్ళు, ఏవైనా సరే ఆయన నోట పడితేగాని అమ్ముడుపోయేవి కావు. "ఒకటోసారి" అని ఆయన ఎత్తుకుంటే యార్డు ఆ చివర బండి విప్పుకుంటున్నవాడు కూడా తల తిప్పేవాడు. ఊళ్ళో ఆయనను కంచుగంట అనేవారు. నేను కంచుగంట గారి భార్యను. మా నాన్నగారి దగ్గర కావ్యాలు చదువుకున్నదాన్ని, పద్యం ఎత్తుకుంటే పక్కవీధిలో పిల్లలు ఆట మానేసేవారు. అయినా గంట ఉన్న ఇంట్లో గజ్జె చప్పుడు ఎవరు వింటారు?

ప్రతి ఉదయం పనికి బయలుదేరే ముందు ఆయన గుమ్మంలో నిలబడి తనను తానే వేలం వేసుకునేవారు.

"ఇదిగో సరుకు! కాస్త పాతదే కానీ పుచ్చు లేదు. పాడేవాళ్ళెవరు? ఒకటోసారి! రెండోసారి!"

నేను వంటింట్లోంచి గరిటెతో బాణలి మీద ఒక్క దెబ్బ వేసేదాన్ని. అది మూడోసారి. సరుకు నాదైనట్టు. "కొన్నావుగా, ఇక వాపసు లేదు" అంటూ ఆయన చెప్పులు తొడుక్కునేవారు. "పొద్దున్నే ఇంట్లో ఈ సంతేమిట్రా" అని మా అత్తగారు విసుక్కునేవారు. ఎప్పుడైనా పాట ఆలస్యమైతే మాత్రం ఆవిడే ముందుగా, "ఇవాళ సరుకింకా దిగలేదేం?" అని అడిగేవారు.

యుద్ధం సరిహద్దుల దగ్గర మొదలై రైలు పట్టాల వెంట మా ఊరి దాకా వచ్చింది. కిటికీలకు నల్లకాగితాలు అతికించుకున్నాం. చక్కెరకు వరుసలో నిలబడ్డాం. గాయపడిన వాళ్ళు రైళ్ళలో వచ్చేవారు. స్టేషను వెనక నూలుమిల్లు గోదామును ఆసుపత్రిగా మార్చారు. ఇంత కల్లోలంలో ఎన్నికలేమిటి, వాయిదా పడతాయని అందరూ అనుకున్నారు. పడలేదు. పైగా ఒక ఉత్తర్వు వచ్చింది. విమానదాడి సైరను వినబడకుండా పోతుంది కనుక ఎన్నికల సభల్లో మైకులు, లౌడుస్పీకర్లు నిషేధం. ఉన్న సెట్లన్నీ సైన్యం వాళ్ళు లారీలో వేసుకుపోయారు.

అలా ఆ ఏడు మా నియోజకవర్గంలో డబ్బు కంటే, కులం కంటే గొంతుకు విలువ పెరిగింది. అభ్యర్థి పక్కన ఎత్తుమీద ఒక మనిషి నిలబడాలి. అభ్యర్థి ఒక వాక్యం అంటే, ఆ మనిషి దానిని వెనక వరుసల దాకా మోయాలి. వంత చెప్పడం అనేవారు దాన్ని.

పాత సభ్యుడు మా అన్నయ్యే. చాలాకాలంగా శాసనసభలో మా ఊరి కుర్చీ ఆయనది. మైకు ముందు పులి. మైకు తీసేస్తే ఆ పులి పిల్లిలా ముక్కుతో మాట్లాడుతుందని ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలుసు. ఆయనకు ఎదురు నిలబడింది ఆ మిల్లు ఆసుపత్రి హెడ్ నర్సు. యుద్ధంతో పాటు మా ఊరికి వచ్చిన మనిషి. నలభై దాటిన వయసు, చేతికి గడియారం తప్ప ఒంటిమీద నగ లేదు. నిద్రపోతున్న రోగులు లేస్తారని వార్డులో ఏళ్ళతరబడి లోగొంతుకతో మాట్లాడి మాట్లాడి, బయటకు వచ్చినా ఆవిడ మాట ఎదుటివారి చెవి దాటేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆవిడ మా ఇంటికి వచ్చింది. ముందు గదిలో మా ఆయనతో మాట్లాడింది. నేను వంటింట్లో ఉన్నాను. గిన్నె చప్పుడు కాకుండా చూసుకున్నాను, పొయ్యి తగ్గించాను, ఊపిరి కూడా తగ్గించాను. ఆవిడ మాట ఒక్కటీ వినబడలేదు. మా ఆయనవి మాత్రం వినబడ్డాయి. "అయ్యో" అన్నారు. కాసేపటికి మళ్ళీ, ఇంకొంచెం తగ్గి, "అయ్యో" అన్నారు. చివరకు, "సరేనమ్మా, మాట ఇచ్చాను" అన్నారు.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "ఏమిటండీ ఆ అయ్యోలు?"

"ఎన్నికల్లో వంత చెప్పమంది. ఒప్పుకున్నాను."

"దానికి అయ్యో ఎందుకు?"

ఆయన మంచినీళ్ళు అడిగారు. అడిగినదానికి జవాబుగా నీళ్ళు అడగడం మా ఆయనకు అలవాటు లేదు.

మరునాడు అన్నయ్య వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే చెప్పాడు. "బావా, ఎల్లుండి నుంచి సభలు. పొద్దున్నే బండి పంపిస్తాను, సిద్ధంగా ఉండు."

"బావగారూ, పాట నిన్ననే అయిపోయింది."

"ఏం పాట?"

"నర్సమ్మగారు ముందొచ్చారు. ఆవిడకి ఒప్పుకున్నాను."

అన్నయ్య నవ్వాడు. ఎవరూ కలవకపోయేసరికి ఆపాడు. "మా ఇంటి అల్లుడివి. నిన్ను నేను వచ్చి అడగాలా?"

"యార్డులో ముందొచ్చిన బస్తా ముందు పాటకెక్కుతుంది. మా నాన్న తెచ్చిన బస్తా అయినా వరుస తప్పదు బావగారూ. పాడిన పాట వెనక్కి తీసుకుంటే రేపు నా మాట మీద ఎవడు చెయ్యెత్తుతాడు?"

"అంటే నేను బస్తానా?"

గోడవారగా కూర్చున్న అత్తగారు, "బస్తా అయితే ఈపాటికి అమ్ముడుపోయేవాడే" అని చిక్కుడుకాయల ఈనెలతో చెప్పుకున్నారు.

అన్నయ్య నావైపు తిరిగాడు. "విన్నావా చెల్లీ, మీ ఆయన మాటలు?"

"ఇవాళ్టివి విన్నాను అన్నయ్యా. నిన్న ఆవిడన్నవే వినబడలేదు."

సభలు మొదలయ్యాయి. మిల్లు గేటు దగ్గర, రైల్వే క్వార్టర్ల ముందు, బ్రెడ్డు కోసం నిలబడ్డ వరుసల పక్కన. ఎండలు ముదిరాయి. పగలు యార్డులో ఉల్లిపాయలు, సాయంత్రం నర్సమ్మ మాటలు మోసేసరికి ఆయన గొంతులో గరగర మొదలైంది. ఒకరోజు ఇంటికి వస్తూ సంచిలోంచి పిల్లల పలక ఒకటి తీశారు. దాని మీద రాసి నాకు చూపించారు.

అత్తగారికి చదువు రాదు. "ఏమంటాడే వాడు?"

"ఆవిడ ఇంట్లో మాట్లాడవద్దన్నారట అత్తయ్యా. ఎన్నికలయ్యేదాకా మౌనమట."

"ఎవరే ఆవిడ?"

"ఈయన్ని అన్నగారూ అని పిలుస్తుందిలెండి. చెల్లెలు."

"నాకు కూతుళ్ళు లేరే!"

"ఈమధ్యే పుట్టింది అత్తయ్యా. నలభై ఏళ్ళ పిల్ల."

ఆయన నవ్వబోయి, గొంతు గుర్తొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నవ్వుకు కూడా ఆవిడ అనుమతి కావలసి వచ్చింది.

అప్పటినుంచి మా ఇంట్లో పలక మాట్లాడింది. "ఉప్పు." "నీళ్ళు." "చొక్కా గుండీ." పద్యమైతే పాదానికి ఒక నడక ఉంటుంది, వచనానికైనా ఒక ఊపు ఉంటుంది. ఈ సుద్దముక్క మాటలకు ఏమీ లేదు. వాటిని నేను పైకి చదివి అత్తగారికి వినిపించాలి. భర్త మాట వినడం మానేసి భర్త మాట తానే చెప్పే ఇల్లాలిని ఏ పురాణంలోనూ చదవలేదు.

ఉదయాలు మరీ కష్టం. ఆయన గుమ్మంలో నిలబడేవారు. నా చెయ్యి గరిటె మీద ఉండేది. ఆయన పెదవులు తెరుచుకునేవి, మూసుకునేవి. చెయ్యి ఎత్తి చూపించి వెళ్ళిపోయేవారు. బాణలిలో నూనె కాగుతూ ఉండేది. వేలం లేని ఇంట్లో సరుకు ఎవరిదో ఎలా తెలుస్తుంది?

ఉండబట్టలేక ఒక సభకు వెళ్ళాను. మిల్లు గేటు ఎదురుగా గొడుగు దించుకుని జనంలో వెనక నిలబడ్డాను. ఆయన చెక్కపెట్టె మీద ఉన్నారు. నర్సమ్మ పక్కన నిలబడి, ఆయన కాస్త వంగితే, చెవి దగ్గర చెబుతోంది. ఆయన లేచి జనానికి ఇస్తున్నారు.

"నేను ఈ ఊరికి గాయాలతో పాటు వచ్చాను!" అన్నారు మా ఆయన, కంచుగంట మోగినట్టు. "నా చేతుల్లో పోయినవాళ్ళ కళ్ళు నేనే మూశాను!"

వంత చెప్పడంలో ఆయన పెట్టుకున్న నియమం అది. అవతలివారు నేను అంటే తానూ నేను అనే అనాలి. 'ఆవిడ ఇలా అంటున్నారు' అని మధ్యలో దూరితే, సరుకు దళారి చేతిలో వాడిపోయినట్టే. నాకు ఆ నియమం తెలుసు. తెలిసీ, మా ఆయన నోట ఆవిడ నేను అంటుంటే గొడుగు కర్ర నా చేతిలో తిరిగింది. ఇంట్లో నాకు ఉప్పు, నీళ్ళు. ఇక్కడ ఆవిడకు ఆ గొంతు మొత్తం, అడుగంటా.

సభ అయ్యాక ఆవిడ ఆయనను ఎండలోకి తిప్పి నిలబెట్టింది. గడ్డం కింద వేలు పెట్టి నోరు తెరిపించింది. స్పూను వెనకభాగంతో నాలుక నొక్కి, టార్చి వేసి లోపలికి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ గొంతు ఎలా మోగుతుందో విన్నానుగాని, లోపల ఎలా ఉంటుందో నేను చూడలేదు. ఆవిడ చూసింది.

ఇంటికి వచ్చి అడిగాను. "ఆవిడ అంతసేపు ఏం చూసింది మీ గొంతులో?"

"వాపు" అని రాశారు.

"ఆ రోజు ముందు గదిలో ఏం చెప్పింది?"

ఆయన పలక మీది మాట తుడిచేశారు. తరవాత, "పాట అయిపోయింది. మాట ఇచ్చాను" అని రాశారు.

"నేను అడిగింది అది కాదు!" పలక నా చేతిలోంచి ఎలా వెళ్ళిందో నాకే తెలియదు. తలుపు మూలకు తగిలి ఒక కొస విరిగింది. ఆయన లేచి, ఆ ముక్క ఏరి, కిటికీలో పెట్టి, మిగిలిన పలక తుడుచుకున్నారు. ఒక్కమాట రాయలేదు. తిరిగి అరిచే మొగుడు కూడా ఒక భాగ్యమేనని ఆ నిమిషం అనిపించింది.

అన్నయ్యకు మరో రకం బాధ పట్టుకుంది. ఆయన ఒక నాటకాలాయనను వంతకు కుదుర్చుకున్నాడు. అన్నయ్య "సోదరులారా" అంటే ఆ మనిషి, "నా రక్తంలో రక్తమైన సోదరులారా, వీరమాతల కన్నీటి ముత్యాల్లారా" అని సాగదీసేవాడు. జనం ఈలలు వేసేవారు, నాటకాలాయనకు. సభ అయ్యాక పిల్లలు ఆయన వెంట పరుగెత్తేవారు. అన్నయ్య ఒక్కడే కుర్చీలో మిగిలేవాడు.

"యుద్ధంలో కాపలావాణ్ణి మార్చొద్దని చెప్పమంటే, వాడు రాజు వేషం కట్టి దండెత్తుతున్నాడు చెల్లీ!" అని మా ఇంటికి వచ్చి కూలబడ్డాడు. మంచినీళ్ళు తాగాక గొంతు తగ్గించాడు. "బావ సంగతి చూసుకో. ఆవిడకి మొగుడున్నాడని ఎవరైనా చూశారా? ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికైనా తెలుసా? నేను నీకు అన్నయ్యను, అనకూడదు గానీ..."

"అనకూడదనుకున్నవాడివి అనకు అన్నయ్యా" అన్నాను.

ఆయన అనలేదు. అయినా ఆ అనని మాట ఆయన వెళ్ళాక కూడా కుర్చీలో కూర్చునే ఉంది. పూజలో కూర్చుంటే స్తోత్రం మధ్యలో దూరింది. అమ్మవారి ముందు దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే టార్చి వెలుగు కనబడింది.

ప్రచారం ముగిసే రోజు నర్సమ్మ సభ మార్కెట్ యార్డులో పెట్టారు. వేలం అయిపోయిన మధ్యాహ్నం. రేకుల షెడ్డు కింద, బస్తాల మీద, బళ్ళ మీద జనం. అన్నయ్య కూడా వచ్చాడు. ప్రత్యర్థి సభకు రావడం మర్యాద అనుకునేవారు అనుకున్నారు, వెక్కిరింత అనుకునేవారు అనుకున్నారు. ముందు వరుసలో కుర్చీ వేయించుకుని కాలుమీద కాలు వేసుకున్నాడు. నేను ఉల్లిపాయల కుప్ప పక్కన నిలబడ్డాను.

మా ఆయన తూకం బల్ల ఎక్కారు. ఎన్నో ఏళ్ళుగా ఆయన రాజ్యం అది. నర్సమ్మ చెవి దగ్గర ఏదో అంది. ఆయన ఛాతీ నిండా గాలి పీల్చారు.

"ఈ ఊరి..."

అంతే. పాత గుడ్డను రెండు చేతులతో చింపినట్టు ఒక చప్పుడు వచ్చింది. మళ్ళీ నోరు తెరిచారు. గాలి వచ్చింది, మాట రాలేదు. యార్డంతా నిశ్శబ్దమైంది. ఆ షెడ్డు కింద ఆయన ఉండగా నిశ్శబ్దం ఎవరూ ఎరగరు.

నర్సమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. దగ్గరగా ఉన్నాను కనుక వినబడింది. "ఆపండి అన్నగారూ. ఇంకొక్క మాట లాగితే ఈ గొంతు ఇక తిరిగి రాదు."

ఆయన తల అడ్డంగా ఊపి మళ్ళీ గాలి పీల్చుకోబోయారు.

నేను బల్ల వైపు నడిచాను. జనం ఏమనుకున్నారో తెలియదు. దేశం కోసమనో, భర్త మాట నిలబెట్టడానికనో అనుకుని ఉంటారు. అమ్మవారి సాక్షిగా, నా మనసులో ఉన్నది ఒక్కటే. ఆ గొంతులో ఇక మిగిలినదేదో ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా ఆవిడకు దక్కనివ్వను.

"దిగండి" అన్నాను. ఆయన నన్ను చూశారు. దిగారు. నేను ఎక్కాను.

"మా చెల్లెలే!" అన్నయ్య పక్కవాళ్ళతో అన్నాడు, ముఖం వెలిగిపోతూ. "వినండి, వినండి."

నర్సమ్మ నా చెవి దగ్గరకు వచ్చింది. డెట్టాలు వాసన. "వదినగారూ, నేనెంత అంటే అంతే అనాలి."

"ఆ నియమం మా ఇంటిదే" అన్నాను. "కానివ్వండి."

మొదటి వాక్యం ఇచ్చాను. మా నాన్నగారు పద్యం చదివించేటప్పుడు మాట ఊపిరితో మొదలై నాభి దగ్గర నిలబడాలి అనేవారు. అలాగే నిలబెట్టి వదిలాను. అవతలి గోడ దాకా వెళ్ళింది. ఉల్లిపాయల కుప్పమీద కూర్చున్న హమాలీ ఒకడు, "గంటమ్మ!" అన్నాడు. కొందరు నవ్వారు, తరవాత వినసాగారు.

"మన సభ్యుడు మంచివారు" అంది నర్సమ్మ. అన్నాను. "యుద్ధంలో చనిపోయినవారి పేర్లు శాసనసభలో చదువుతుంటే లేచి నిలబడతారు." అన్నాను. "కనబడకుండా పోయినవారి పేర్లు చదవమని మాత్రం ఒక్కనాడూ అడగలేదు. అడిగితే సైన్యానికి అధైర్యమట. ఆ ఇళ్ళలో ఎవరి ధైర్యంతో బతుకుతున్నారో వచ్చి చూడలేదు."

ఎదురుగా అన్నయ్య. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎత్తుకుని రథం చూపించినవాడు. ఒక్క మాట మింగితే చాలు, లేదా ఒక్క మాట మార్చితే చాలు. ఆయన కనుబొమలు ఎత్తి ఆ మాట కోసమే చూస్తున్నాడు. నేను కళ్ళు ఆయన మీదనుంచి తీసి రేకుల వైపు ఎత్తి, అంతా అన్నాను. కాలుమీద కాలు దిగింది.

నర్సమ్మ తరవాతి వాక్యం ఇవ్వలేదు. తిరిగి చూశాను. ఆవిడ జనాన్ని చూడడం లేదు, నన్ను చూస్తోంది.

"ఇది ఏ సభలోనూ చెప్పలేదు" అంది, నాకు మాత్రమే. "మగగొంతుతో చెప్పించలేకపోయాను. మీరు చెబుతారా?"

తల ఊపాను.

"నా భర్త ఆ కనబడనివాళ్ళలో ఒకడు."

అన్నాను. నా భర్త అన్నాను. కింద తూకం రాళ్ళ పక్కన నా భర్త గొంతు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నారు.

"పోయాడో, ఉన్నాడో ఎవరూ చెప్పరు. ఆయన గొంతు ఎలా ఉండేదో నేను మరచిపోతున్నాను. వార్డులోకి కొత్త మనిషి వచ్చి మూలిగితే, దగ్గరకు వెళ్ళి వింటాను."

అన్నాను.

"సాయంత్రం మీ ఇళ్ళ ముందునుంచి నడిచి వెళుతుంటాను. కూరలో ఉప్పు లేదని లోపల మగవాళ్ళు అరుస్తుంటారు. ఆ అరుపులు పడే ఆడవాళ్ళను చూస్తే..." ఆవిడ ఆగింది. తరవాత మామూలుగానే, మందు మోతాదు చెప్పినట్టు చెప్పింది. "నాకు అసూయ."

"నాకు అసూయ" అన్నాను.

ఆ మాట ఎక్కడా తడబడలేదు. వేసవి అంతా సాధన చేసినట్టుగా వచ్చింది. అవతలి గోడకు తగిలి తిరిగి నా దగ్గరకే వచ్చింది. యార్డులో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అన్నయ్య లేచి, తన కుర్చీ తానే మడిచి, చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆయన కుర్చీ ఆయనే మోసుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

ఇంటికి వచ్చాక మా ఆయనను అడిగాను. "మీకు మొదటినుంచీ తెలుసా?"

తల ఊపారు.

"ఆ రెండు అయ్యోలు ఇవేనా?"

మళ్ళీ ఊపారు.

"నాకెందుకు చెప్పలేదు?"

కొస విరిగిన పలక తెచ్చుకుని రాశారు.

"ఏమంటాడే?" అన్నారు అత్తగారు.

"పాటకు పెట్టమని ఇవ్వని సరుకు మూట మనం విప్పకూడదు అంటున్నారు అత్తయ్యా." ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చదివాను.

నర్సమ్మ గెలిచింది. పెద్ద తేడా ఏమీ కాదు, గెలుపు గెలుపే. అన్నయ్య ఇంటి తలుపు నాకు మూసుకుంది. పుట్టింటి నుంచి మనిషి రాలేదు, కబురు రాలేదు. ఊరి వీధిలో ఎదురైతే ఆయన చెప్పు సవరించుకునేవాడు, నేను దాటిపోయేదాకా. ఆ ఋతువు నా దగ్గర పుచ్చుకున్న వెల అది. తక్కువ వెల అని ఎవరైనా అంటే, వాళ్ళకు అన్నయ్య లేడన్నమాట.

రాజధానికి వెళ్ళే ముందు నర్సమ్మ మా ఇంటికి వచ్చి మా ఆయన గొంతు చూసింది. ఈసారి టార్చి నా చేతిలో పెట్టింది. ఎర్రగా, చిన్నగా, అలసిపోయి ఉంది లోపల. యార్డునంతా ఏలినది ఆ కాస్త చోటేనా అనిపించింది.

"మాట వస్తుంది వదినగారూ. ఎప్పుడో చెప్పలేను. ఆ కంచు మాత్రం రాదు."

"మీకు అక్కడ వంత ఎవరమ్మా?" అన్నాను.

"చూద్దాం" అంది.

పత్రికలో చదివాను తరవాత. ఆవిడ లేచి నిలబడగానే సభ్యులు, "వినబడటం లేదు, గట్టిగా" అని అరిచారట. "నాకు ఇంతే వస్తుంది. మీరు కాస్త ఊరుకుంటే వినబడుతుంది" అందట. ఊరుకున్నారట. ఆ సమావేశాలు ముగిసేలోగా కనబడనివారి పేర్లు చదవడం మొదలైంది. ఆవిడ భర్త పేరు ఎప్పుడు వచ్చిందో పత్రిక రాయలేదు. నాకూ తెలియదు.

యార్డులో కొత్త పాటగాడు వచ్చాడు. మా ఆయనకు తూకం చీటీలు రాసే పని ఇచ్చారు. ఆయన ఒక్కనాడూ మూలగలేదు. మూలగడానికైనా గొంతు కావాలి కదా అని నేను వంటింట్లో ఏడ్చేదాన్ని.

తొలివాన పడిన ఉదయం. చూరునుంచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన గొడుగు తీసుకుని గుమ్మందాకా వెళ్ళారు. ఆగారు. అలవాటుగా చెయ్యి ఎత్తుతారని నేను తిరిగి చూశాను.

చెయ్యి ఎత్తలేదు. ఎండుటాకుల మీద ఎవరో మెల్లగా నడిచినట్టు ఒక చప్పుడు వచ్చింది.

"సరుకు... పాతదే." ఊపిరి తీసుకున్నారు. "పుచ్చుదే. ఒకటో..."

నా గరిటె బాణలి మీద పడింది. పొయ్యి మీది బాణలి గిర్రున తిరిగి, కూర సగం నేలపాలైంది.

"రెండోసారైనా అననీయవే వాణ్ణి!" అని అత్తగారు లోపలినుంచి కేక వేశారు.

"వద్దత్తయ్యా" అన్నాను, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "ఈలోగా ఎవరైనా పోటీ పాడితే?"

కథ ఇంతే. దీనిని చదివినవారి ఇళ్ళలోను, చదివించుకుని విన్నవారి ఇళ్ళలోను, పిలిచే గొంతు పిలుస్తూ, పలికే గొంతు పలుకుతూ ఉండుగాక! కనబడనివారి కబురు వారి వాకిళ్ళకు చేరుగాక! సైరన్లు మూగపోయి, పిల్లల పద్యాలు వినబడుగాక! ఆరవ శత్రువు తలుపు తడితే, అమ్మ వాగ్దేవి మీకు బదులు గుమ్మంలోకి వచ్చి జవాబు చెప్పుగాక! అందరికీ శుభం.